ఒక్క క్లాసు గణితం

ఇంటర్ ఫలితాలు వచ్చిన వేసవిలో నేను దేవుణ్ణి ఒక్కటే అడిగాను. మా ఊరి నుంచి బస్సెక్కితే చేరగలిగే ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో గణితం చదవాలి. అంతే.

మా ఇంట్లో చదువంటే కంఠతా పట్టడం. నాన్న రాయచోటి మార్కెట్టులో మూటలెత్తే హమాలీ, మా చర్చి సంఘంలో పెద్ద. సండే స్కూల్లో బైబిలు వాక్యాలు తప్పు లేకుండా అప్పజెప్పి నేను చాలా బహుమతులు తెచ్చుకున్నాను. ఇంటర్ సూత్రాలనూ అలాగే నోటికి పట్టాను, మార్కులూ వచ్చాయి. అయితే వాక్యానికి అర్థం తెలియక పాస్టరు అయ్యగారిని అడిగితే కూర్చోబెట్టి చెప్పేవారు. ఈ సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మాత్రం ఇంటర్ సార్లు, "అదంతా డిగ్రీలో చెప్తారు, ఇప్పటికి రాసేయ్" అనేవారు. ఆ డిగ్రీలో చెప్పే దాని మీదే నా ఆశంతా.

కాలేజీకి వెళ్ళి అడిగితే గణితం సారు నన్ను చూసి మొదట సంతోషపడ్డారు, తర్వాత దిగులుపడ్డారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి.

"నువ్వొక్కదానివే వస్తే కోర్సు నడవదు పాపా. ఇంకొందరు కావల్ల. అందరూ కంప్యూటర్లే అంటాండారు. ఈ ఎండల్లో ఊరూరూ తిరుగుతాండా, ఎవురూ రాలే."

"కడపలో ఉండాదంట గద సార్?"

"ఉండాది. హాస్టల్లో ఉంటావా?"

ఉండలేను. నానమ్మ మంచం పట్టి ఉంది. అమ్మ కూలికి పోతే ఆమెను చూసుకునేది నేనే. సాయంత్రానికి ఇల్లు చేరగలిగే కాలేజీ ఇదొక్కటే. ఏమనుకున్నానో ఏమో, "మా చర్చికి రండి సార్, శానామంది పిల్లోళ్ళు ఉండారు" అనేశాను.

సారు నిజంగానే వచ్చారు. నుదుట బొట్టుతో, చెప్పులు బయట విడిచి, మగవాళ్ళ వైపు చాప మీద చివర కూర్చుని ఆరాధనంతా ఓపికగా విన్నారు. ప్రకటనల సమయంలో అయ్యగారు ఆయనకు మైకు ఇచ్చారు. గణితమంటే భయపడవద్దని, చదివితే బుద్ధి పదునెక్కుతుందని, ఫీజు భారం లేకుండా తాను చూసుకుంటానని సారు చెప్పారు. చివరికి, తరగతి గదిలో అడిగినట్టే అడిగారు.

"ఇష్టం ఉన్నోళ్ళు చేతులెత్తండి."

మా చర్చిలో మైకు ముందు నిలబడ్డవాళ్ళు చేతులెత్తమంటే ఏం చేయాలో అందరికీ తెలుసు. తలలు వంగాయి, కళ్ళు మూతపడ్డాయి, చేతులు లేచాయి. ఆడవాళ్ళవి, మగవాళ్ళవి, ముసలివాళ్ళవి, చంకలో బిడ్డలున్న తల్లులవి. కీబోర్డు వాయించే అన్న అలవాటుగా మెల్లగా రాగం అందుకున్నాడు. నా చేయి కూడా లేచే ఉంది. కానీ నేను కళ్ళు తెరిచి సారు ముఖమే చూస్తున్నాను.

"ఇంతమందా!" అన్నారాయన.

అయ్యగారు దగ్గరికి వెళ్ళి, "అయ్యా, అవి ప్రార్థనకు ఎత్తిన చేతులు" అని చెవిలో చెప్పబోయారు. మైకులో అందరికీ వినిపించింది. చేతులు ఒక్కొక్కటే దిగాయి. ఎక్కడో కిసుక్కుమన్నారు. సారు మాత్రం, "అయితే ప్రార్థన గూడా చేయించండప్పా, దించుతారెందుకు" అన్నారు. అయ్యగారు నవ్వాపుకుని, ఆ కాలేజీలో గణితం కోర్సు నిలబడాలని నిండు మనసుతో ప్రార్థించారు. సంఘమంతా ఆమెన్ అంది.

బయట చెప్పులు వెతుక్కునే చోట ముందు వరసలో కూర్చునే అవ్వ సారును పట్టుకుంది.

"ఏం సారూ, నేను గూడా చెయ్యెత్తినా. నన్ను యా బెంచీలో కూర్చోబెడ్తావు?"

"ముందు బెంచీనే అవ్వా. నిద్రపోగూడదు మళ్ళ."

"చర్చిలోనే నిద్రపోతా, కాలేజీలో పోనా!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు తగ్గాక, నాతోపాటు ఇంటర్ పాసైన అబ్బాయి తండ్రి దగ్గరికొచ్చి నెమ్మదిగానే అడిగాడు. "సారూ, మావానికి కంప్యూటర్లయితే బెంగుళూరులో ఏదో ఒక పని దొరుకుతాది. లెక్కలు సదివితే యాడికి పోవల్ల?"

"టీచరు కావచ్చప్పా."

"ఆ పోస్టులు ఎప్పుడు పడ్తాయో నీకే తెల్దు గద సారూ."

సారు హెల్మెట్ పెట్టుకుని స్కూటరు ఎక్కారు.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నా మనవి చెప్పుకున్నాను. వర్షం కోసం, బోరు కోసం, తాగుడు మానని భర్తల కోసం ప్రార్థించే కూడిక అది. నా మనవి కోసం ప్రార్థించే వంతు ఆ ముందు వరస అవ్వకు వచ్చింది. ఆమె కొంగు తల మీదికి లాక్కుని, "ప్రభువా, ఈ పాప మ్యాట్సు కావల్లంటాండాది. అదేందో మాకు తెల్దు, నీకు తెల్సు. ఇప్పించు తండ్రీ" అని ఏడ్చింది. నాకోసం ఎవరైనా అంతగా అడిగిన సందర్భం అంతకుముందు లేదు. దొరుకుతుందని ఆ రోజు నమ్మాను.

దొరకలేదు. ఆ ఏడాది ఆ కాలేజీలో గణితం నడపడం లేదని, నాకు దాని బదులు అక్కడే కంప్యూటర్ల కోర్సులో సీటు వచ్చిందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. నాన్న నా తల మీద చేయి పెట్టి, "ఆయన చిత్తం తల్లీ" అని ప్రార్థన మొదలుపెట్టాడు. నాన్న ప్రార్థన చివర ఎప్పుడూ ఠక్కున ఆమెన్ అనేదాన్ని, ఆ రోజు నోరు పెగల్లేదు. ఆయన కళ్ళు తెరవకుండా చాలాసేపు కాచుకున్నాడు, నేను అనేదాకా.

కాలేజీ తెరిచిన మొదటి రోజే సారు నన్ను పిలిచారు. ఖాళీ గది. బెంచీల మీద దుమ్ము.

"రేపట్నుంచి నన్ను వేరే కాలేజీకి పంపిస్తాండారు పాపా. ఈ పొద్దు ఒక్క క్లాసు చెప్తా, వింటావా?"

ముందు బెంచీ తుడుచుకుని కూర్చున్నాను. రెండు, మూడు, అయిదు, ఏడు అని ప్రధాన సంఖ్యలు రాస్తూ పోయి, "ఇవి ఎక్కడో ఒకచోట అయిపోతాయి అనుకుందాం" అన్నారు. ఉన్నవన్నీ కలిపి గుణించమన్నారు. వచ్చిన దానికి ఒకటి కలపమన్నారు. ఇప్పుడు దాన్ని వాటిలో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. అంటే అది కొత్త ప్రధాన సంఖ్య అయినా కావాలి, లేదా దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదో మన వరసలో లేనిది ఉండి తీరాలి. ఎన్ని రాసినా ఇంకొకటి ఉంటుంది.

నేను బోర్డు వంక చూస్తూ ఉండిపోయాను. అప్పటిదాకా నాకు తెలిసినవన్నీ ఎవరో చెప్తే నమ్మినవి. సాక్ష్యం విని నమ్మడంలో పుట్టి పెరిగినదాన్ని, దానికి సిగ్గుపడను. కానీ ఇది సారు చెప్పారని నమ్మలేదు. నాకే కనిపించింది. ఆ గదిలో, సుద్దపొడి మధ్య, నాకు స్తోత్రం చెప్పాలనిపించింది. మెల్లగా చెప్పుకున్నాను కూడా. సారు విన్నారో లేదో, నవ్వి డస్టరు అందుకున్నారు. గంట కొట్టారు. నేను కంప్యూటర్ల క్లాసుకు వెళ్ళాను.

ఆ చదువు పూర్తయింది. ఇప్పుడు మా మండలంలోనే చిన్న ఉద్యోగం, నానమ్మ చివరిదాకా నా చేతుల మీదే ఉంది. నాకు కృతజ్ఞత లేదని కాదు. అయినా పని మధ్యలో ఒక్కోసారి, ఆ క్లాసు మర్నాడు సారు ఏ మాటతో మొదలుపెట్టి ఉండేవారో అనిపించి చేయి ఆగిపోతుంది. ఫోనులో పాఠాలు దొరుకుతాయి, కొన్ని చూశాను, అర్థమయ్యాయి కూడా. నాకు కావలసింది అది కాదు. నా పక్కన ఇంకొందరు కూర్చుని, వాళ్ళలో ఎవరో అర్థం కాలేదంటే, సారు విసుక్కోకుండా మళ్ళీ మొదట్నుంచి చెప్పే రెండో క్లాసు కావాలి. ప్రార్థన ఇంట్లో ఒంటరిగానూ చేసుకోవచ్చు. అయినా ఆదివారం అంత దూరం నడిచి కూడికకు ఎందుకు పోతామో తెలిసినవాళ్ళకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు.