ప్రార్థన వేళ రోడ్డు ఆపినాయన

మా ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో మూడో అంతస్తు బాత్రూంలో దయ్యం ఉందని చెప్పుకునేవాళ్లు. అమ్మాయిలంతా బకెట్లు పట్టుకుని రెండో అంతస్తులో క్యూ కట్టేవాళ్లు. నేను మాత్రం పైన ఖాళీగా ఉన్న బాత్రూంలో తీరిగ్గా తలస్నానం చేసి వచ్చేదాన్ని. దయ్యాల మీద నా నమ్మకం అంతవరకే. ఇప్పటికీ పెద్దగా మారలేదు. కానీ అమెరికన్ సమోవాలో ఒక సాయంత్రం జరిగినదాన్ని ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా నాకు అర్థం కావడం లేదు.

నేను సివిల్ ఇంజనీర్‌ని. మేం మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటాం. మా ఆయన కిరణ్ కార్ల కంపెనీలో పనిచేస్తాడు. నేను మంచినీటి పైపులైన్లు డిజైన్ చేసే ఒక చిన్న కంపెనీలో ఉన్నాను. అమెరికన్ సమోవాలో పాత పైపులు మార్చే పని మా కంపెనీకి వస్తే, కొన్ని నెలలు అక్కడ ఉండి చూసుకోవడానికి నన్ను పంపారు.

ఆ ద్వీపం అమెరికాదే, అయినా అమెరికాలా ఉండదు. హోనలులు నుంచి దక్షిణంగా ఇంకో ఐదారు గంటలు ఎగరాలి. విమానం వారంలో ఏ రెండు రోజులో ఉంటుంది. అక్కడ దిగాక మళ్లీ పాస్‌పోర్ట్ చూపించాలి. హెచ్‌వన్‌బీ రోజుల్లో అయితే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ గొడవకి భయపడి వెళ్లేదాన్నే కాదు. అక్కడ పుట్టినవాళ్లకి అమెరికా పాస్‌పోర్ట్ ఇస్తారు గానీ పౌరసత్వం పుట్టుకతో రాదు. అయినా ప్రతి రెండో ఇంట్లో ఒకరు అమెరికా సైన్యంలో ఉంటారు.

నిట్టనిలువు పచ్చటి కొండలు, వాటి కాళ్ల దగ్గర సముద్రం, మధ్యలో సన్నగా ఒక రోడ్డు. ద్వీపమంతా అంతే. రేవు దగ్గర ట్యూనా చేపల ఫ్యాక్టరీ ఉంది. గాలి ఇటు తిరిగిందంటే ఊరంతా ఆ వాసనే. సగం కుటుంబాలు దాని మీదే బతుకుతాయి కాబట్టి ఎవరూ ముక్కు మూసుకోరు. గవర్నర్, శాసనసభ అన్నీ ఉన్నా, ఊళ్లో మాట చెల్లేది మటైలదే. మటై అంటే కుటుంబ పెద్ద. భూమి చాలావరకు కుటుంబాల ఉమ్మడి ఆస్తి, బయటివాళ్లకి అమ్మరు. పెరళ్లలో చేమదుంపలు, కూరపనస, కొబ్బరి. మొదటి వారం నాకు కోనసీమలో మా పిన్నివాళ్ల ఊళ్లో ఉన్నట్టే అనిపించింది.

నేను అద్దెకి దిగింది సీనా వాళ్లింట్లో. సీనా అక్కడి నీటి సరఫరా ఆఫీసులో నాతో పాటు పనిచేసే అమ్మాయి. ఇల్లు ద్వీపానికి పడమటి చివర. భర్త టెక్సాస్‌లో సైనికుడు. తను అప్పుడు ఏడో నెల గర్భిణి. రోజూ ఒకే కార్లో ఆఫీసుకి వెళ్లి వచ్చేవాళ్లం. నేను దారిలో కిరణ్‌తో ఫోన్‌లో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని వింటూ, మా తెలుగు నీళ్లు గడగడా పోస్తున్నట్టుంటుందని నవ్వేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అక్కడ సాయంత్రం చీకటి పడేముందు ఊరూరా ఒక ప్రార్థన వేళ ఉంటుంది. దాన్ని 'సా' అంటారు. శంఖమో గంటో మోగగానే అందరూ ఇళ్లలో కూర్చుని పాటలు పాడుకుంటారు. కాసేపు ఊళ్లో ఎవరూ తిరగకూడదు. లుంగీలాంటి లావాలావాలు కట్టుకున్న మగవాళ్లు దారి పక్కన కాపలా ఉంటారు. మెయిన్ రోడ్డు మీద వెళ్లే కార్లని మాత్రం సాధారణంగా ఆపరు.

ఆ రోజు వాన. అప్పటికి కొన్ని రోజులుగా పడుతూనే ఉంది. సీనా వాళ్లమ్మ బంధువుల ఇంట్లో ఎవరో పోయారని వేరే ద్వీపానికి వెళ్లింది. నడుం నొప్పిగా ఉందని సీనా ఆ రోజు ఆఫీసుకి రాలేదు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఉమ్మనీరు పోయింది. నెలలు నిండలేదు. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే, దారిలో నీళ్లు నిలిచాయి, ఆలస్యమవుతుంది, వీలైతే మీరు ఎదురు రండి అన్నారు. ద్వీపానికంతటికీ ఆసుపత్రి ఒకటే, అది అటు తూర్పు వైపు. సీనాని కార్లో ముందు సీట్లో కూర్చోబెట్టి బయల్దేరాను.

సగం దూరం వచ్చాక ఒక చిన్న ఊరు. ఆ ఊరి చివర రోడ్డు కొండని చుట్టుకుని మలుపు తిరుగుతుంది. అక్కడ శంఖం వినిపించింది. వెంటనే రోడ్డు మధ్యలో ఒకాయన కనిపించాడు. నెరిసిన జుట్టు, చొక్కా లేదు, లావాలావా కింద మోకాళ్ల దాకా పచ్చబొట్లు. అంత వానలో గొడుగు కూడా లేకుండా, అరచెయ్యి ఎత్తి నిలబడ్డాడు.

బ్రేక్ వేశాను. అద్దం దించి, ఈమెకి నొప్పులు వస్తున్నాయి, ఆసుపత్రికి వెళ్లాలి అని ఇంగ్లీష్‌లో చెప్పాను. సీనా కూడా నా వైపు వంగి సమోవా భాషలో బతిమాలింది. ఆయన ఆమెకేదో జవాబిచ్చాడు. తర్వాత నా కిటికీ దగ్గరికి వచ్చి, కొంచెం ఆగమన్నాడు. బిడ్డకేం కాదన్నాడు. గొంతులో కోపం లేదు, తొందరా లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. పద్ధతులు గౌరవించాలి, నిజమే. కానీ పక్కన ఒక ఆడపిల్ల పళ్లు బిగబట్టి నొప్పులు పడుతోంది. పక్కనుంచి తిప్పుకుని పోదామని గేర్ మీద చెయ్యి వేశాను.

సీనా నా మణికట్టు పట్టుకుంది.

"ఆగమన్నాడుగా, మాధవీ. ఆగు."

అంతలో కింద సీటు కంపించింది. లారీలోంచి కంకర దింపుతున్నట్టు చప్పుడు, ఆగకుండా. ఎదురుగా ఉన్న మలుపు మా కళ్ల ముందే మాయమైపోయింది. ఎర్రమట్టి, బండరాళ్లు, వేళ్లతో సహా కొబ్బరి చెట్లు అన్నీ కలిసి రోడ్డు మీదుగా సముద్రంలోకి జారాయి. ఆగకపోయి ఉంటే మా కారు సరిగ్గా ఆ మలుపులో ఉండేది.

ఆయన కోసం చూశాను. కనిపించలేదు. మట్టి కింద పడ్డాడేమోనని దిగి అరిచాను. అప్పటికి ఇళ్లలోంచి జనం పరుగెత్తుకొచ్చారు.

తర్వాత జరిగిందంతా ఆ ఊరివాళ్ల పుణ్యం. అక్కడ తీరానికి కాస్త దూరంలో పగడపు దిబ్బ అలల్ని ఆపుతుంది, దాని లోపల నీళ్లు చెరువులా ఉంటాయి. చేపల పడవ ఒకటి తెచ్చారు. సీనాని చాప మీద పడుకోబెట్టి, నలుగురూ పట్టుకుని పడవలోకి చేర్చారు. మా మీద టార్పాలిన్ పట్టుకుని ఇద్దరు నిలబడ్డారు. మట్టి కుప్పని చుట్టి అవతలి ఒడ్డు చేరేసరికి అంబులెన్స్ లైట్లు కనిపించాయి. సీనా నా చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే, గోళ్ల గుర్తులు చాలా రోజులు ఉన్నాయి.

ఆడపిల్ల పుట్టింది. అరచేతిలో పట్టేంత. కొన్ని వారాలు అద్దాల పెట్టెలో ఉంచారు. టెక్సాస్‌లో తండ్రి వీడియో కాల్‌లో చూస్తూ యూనిఫాం టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పిల్ల బతికింది, ఇంటికొచ్చింది.

పిల్ల కాస్త ఒళ్లు చేశాక, సీనా, నేను కలిసి ఆ ఊరికి వెళ్లాం. వాళ్ల పద్ధతి ప్రకారం డబ్బా మాంసం పెట్టె తీసుకెళ్లింది సీనా. నేను పులిహోర చేసి పట్టుకెళ్లాను. ఊరి మటై మమ్మల్ని కూర్చోబెట్టి, పులిహోర ఇష్టంగా తిని, పిల్లని ఒళ్లో పెట్టుకున్నాడు. మమ్మల్ని ఆపిన పెద్దాయనకి దణ్ణం పెట్టుకోవాలి, ఎక్కడుంటారని అడిగాను.

మటై సీనా వంక చూశాడు. ఆ రోజు సా మొదలే కాలేదన్నాడు. కుర్రాళ్లంతా కాలవలో అడ్డం పడ్డ చెత్త తీస్తున్నారట, కాపలాకి ఎవరినీ పెట్టలేదట. ఆ ఊళ్లో శంఖం ఊదే అలవాటు కూడా లేదట. చర్చి ముందు వేలాడదీసిన పాత గ్యాస్ సిలిండర్‌ని కొడతారు. అది మేం చూశాం కూడా. నేను చెప్పిన పోలికలున్న మనిషి ఊళ్లో లేడట.

"మీ కారు ఆగడం ఈ వరండాలోంచి చూశాను. రోడ్డు మీద ఎవరూ లేరు. ఎందుకు ఆపారా అనుకున్నాను" అన్నాడు.

వానలో సరిగా కనిపించి ఉండదన్నాను. కావచ్చన్నాడు, వాదించలేదు.

అప్పుడు సీనా నా వైపు తిరిగి మామూలుగా అడిగింది.

"మరి నీకు ఆయన ముందే తెలుసా? మీ భాష ఎక్కడ నేర్చుకున్నాడు?"

నాకు అర్థం కాలేదు. ఆయన తనతో సమోవా భాషలో మాట్లాడాడట. తర్వాత నా కిటికీ దగ్గర మాత్రం మా భాషలో మాట్లాడాడట. మాటలు తెలియవు గానీ ఆ చప్పుడు తనకి బాగా తెలుసు, రోజూ కార్లో వింటున్నదే కదా అంది.

నేను చాలాసేపు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఆగమనడం గుర్తుంది. బిడ్డకేం కాదనడం గుర్తుంది. ఏ భాషలో అన్నాడో గుర్తు లేదు. సమోవా అయితే నాకు అర్థం కాకూడదు. ఇంగ్లీషా అంటే, ఒక్క ఇంగ్లీష్ మాట కూడా జ్ఞాపకం రావడం లేదు. అమ్మ ఏదో చెబితే ఏ భాషలో చెప్పిందని మనం గమనించుకోం కదా, అలా ఉంది ఆ జ్ఞాపకం.

ఆ రాత్రి కిరణ్‌కి చెప్పాను. తను వరంగల్ మనిషి, ఇలాంటివాటిని నాకన్నా తక్కువ నమ్ముతాడు.

"సింపుల్ మధూ. పక్కూరాయన ఎవరో వానల నిలబడి ఉంటడు. కొండ కదులుతున్నదని చూసి మిమ్మల్ని ఆపి ఉంటడు" అన్నాడు. మళ్లీ తనే, "తెలుగు సంగతి మాత్రం నన్నడగకు" అన్నాడు.

ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లలో కూడా అడిగించాం. ఎవరూ లేరు. సీనాకి ఇదంతా పెద్ద ప్రశ్న కాదు. "వచ్చినాయన వచ్చాడు. పిల్ల ఉంది. ఇంకా ఏం కావాలి?" అంటుంది.

నాకు ఇంకా కావాలి. కొండ ఎందుకు జారిందో నేను బొమ్మ గీసి చెప్పగలను. మట్టి నానింది, పైనుంచి నీళ్లు దిగే దారి మూసుకుపోయింది, బరువు ఆగలేదు. ఇప్పుడక్కడ కాలువ వెడల్పు చేశారు, రాతి గోడ కట్టారు, మా కొత్త పైపు దాని వెనకనుంచే వెళుతుంది. సీనా కూతురు ఇప్పుడు పరుగులు పెడుతోంది. ఈ మధ్య వీడియో కాల్‌లో నన్ను చూసి వచ్చీరాని మాటల్లో ఏదో చెప్పింది, ఒక్క ముక్క అర్థం కాలేదు, ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

ఆయన ఎవరో నాకు తెలియదు. తెలుస్తుందన్న ఆశ కూడా ఇప్పుడు లేదు. ఆగమన్నాడు, ఆగాం. అంతవరకే నేను చెప్పగలను.