మైకులో వేసిన అలారం బ్యాటరీలు

సహోదరులారా, కిందటి చలికాలం మా ఇంటి కూడికలో సలోమి ఆంటీ స్పృహ తప్పడం, దేవుడు ఆమెను లేపడం మా మందిరంలో నేనే సాక్ష్యంగా చెప్పాను. కానీ ఒక్క మాట మింగేశాను, అది ఈరోజు మీ ముందు కూడా పెడుతున్నాను.

విదేశంలో మేముండే లోవర్ హట్ ఊళ్ళో, మా ముందుగదిలో గ్యాస్ హీటర్, పక్క అలమరలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండేవి. ఆ సాయంత్రం పాట ఎత్తుకోబోతే మైకు మూగబోయింది.

"బ్యాటరీలు కొనమంటే వినరు, ఇప్పుడు గొంతు చించుకోండి!" అంది నా భార్య.

కొట్టుకు వెళ్ళడానికి బద్ధకించి అలారంలోవి తీసి మైకులో వేశాను. కిటికీలన్నీ మూసి స్తుతించాం. తలలు బరువెక్కితే ప్రార్థనా భారం అనుకున్నాం! "ప్రభువా, మమ్మల్ని ముట్టు" అని నేను మొరపెడుతుండగానే ఆంటీ ఒరిగిపోయారు. అందరం కలిసి ఆమెను బయట గడ్డిమీదికి మోసుకెళ్ళాం, కాసేపటికి ఆమె కళ్ళు తెరిచారు, మా తలలూ తేలికపడ్డాయి. ఆమె ఉపవాసంలో ఉన్నారు గనుక నింద దానిమీద పడింది.

వారం తిరక్కుండానే హీటర్ చూడవచ్చిన మెకానిక్, గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తోందన్నాడు. ఉల్లిపాయ మాడితే పడకగదిలోంచి పసిగట్టే నా ముక్కుకు ఇదెందుకు తెలియలేదు? పోపు పొగకే కూసే వంటింటి అలారం ఎందుకు ఊరుకుంది? అడిగి తెలుసుకున్నాను: ఈ వాయువుకు రంగూ వాసనా ఉండవట, పొగ అలారం దీన్ని పట్టదట, దీనికి వేరే కావలి కావాలట. దేవుడిచ్చిన ఆ కావలివాడి నోరు నేనే మూశాను! ఆంటీ పడకపోతే మాలో ఎవరు తలుపు తీసేవారు? మమ్మల్ని బయటికి నడిపించిన దేవునికే మహిమ!

అయినా సంఘపెద్దనన్న సిగ్గుతో నోరు విప్పలేదు. "రెండు ఇడ్లీలు తినుంటే సరిపోయేది కదా ఆంటీ!" అని కుర్రాళ్ళు ఆటపట్టించారు. ఆమె ఉపవాసం మానేశారు, కూడికలో లేచి ప్రార్థించడమూ మానేశారు. "నా ఉపవాసం దేవుడికి నచ్చలేదేమో బాబూ" అని నాతోనే అంటే, మాట మార్చేశాను.

ప్రియులారా, దేవుణ్ణి నమ్మండి, ఆయన ఇచ్చిన కాపుదలను నిర్లక్ష్యం చేయకండి. రెండు అలారాల బటన్లూ నెలనెలా నొక్కి చూడండి, దుమ్ము తుడవండి, వెనుక రాసిన గడువు దాటితే మార్చండి, ఏది మోగినా ముందు బయటికి రండి.

మొన్న ఆదివారం సంఘమంతా వింటుండగా ఆంటీ ముందు నిలబడ్డాను. "ఆంటీ, మీ ఉపవాసంలో ఏ లోపమూ లేదు. అలారం బ్యాటరీలు తీసింది నేను. మీరు పడబట్టే మేం బతికాం. అది తెలిసీ మిమ్మల్ని అనుమానంలో వదిలేశాను. నన్ను క్షమించండి."