పొద్దుగూకాక పాతిన రాయి

చిన్నమ్మలుకు కోపం ఊరికే రాదు. వచ్చిందంటే మాత్రం దేవరాపల్లి అంతా వినిపిస్తుంది. కొండవాలున చేను, అందులో ఓ బావి, ఇవే ఆమె బతుకు. మొగుడూ తానూ బండరాయి పగలగొట్టుకుంటూ తవ్విన బావి అది. మొగుడు పోయాక ఆ నీళ్లతోనే వంకాయా బెండా పండించి అనకాపల్లి తీసుకెళ్లి అమ్ముకుంటోంది.

మార్చిలో భూముల రీసర్వే వచ్చింది. సర్వేయర్ రాజబాబు పగలంతా వేరే ఊళ్లో తిరిగి, పొద్దుగూకాక జీపు దిగాడు. ఉపగ్రహాల నుంచి రేడియో తరంగాలు అందుకునే మిషను గట్టు మీద నిలబెట్టి, సెల్‌ఫోను వెలుతురులో హడావిడిగా హద్దురాయి పాతించి వెళ్లిపోయాడు. తెల్లారి చూస్తే బావి అవతలి చేలో పడింది. ఆ చేను పక్క రైతు పరదేశిది. సిగ్గూ ఎగ్గూ లేకుండా అప్పుడే బావిలోకి పైపు దించేశాడు కూడా. చిన్నమ్మలుకు ఒళ్లు మండిపోయింది. ఎవరికి మండదు?

పైపు లాగి అవతల పారేసి, ఆఫీసుకెళ్లి రాజబాబును రెక్క పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసింది. పట్టపగలు మళ్లీ కొలిస్తే హద్దు పాత గట్టు మీదే పడింది. బావి ఆమెదే.

“మిషను తప్పు కాదమ్మా,” అన్నాడు రాజబాబు చెమట తుడుచుకుంటూ. “బాగా పైన, ఎండకి కరెంటెక్కిన గాలి పొర ఉంటాది. ప్లాస్మా అంటారు. ఈ నెలల్లో పొద్దుగూకితే అది కుదురుగా ఉండదు, ఉడికే గంజిలాగ బుడగలు లేత్తాది. సిగ్నలు దాన్లోంచి వచ్చేసరికి తడబడిపోతాది. అప్పుడు చోటు తప్పు సూపిత్తాది.”

“తప్పని నీకెలా తెలుత్తాది?”

“చోటు సరిగ్గా దొరక్కపోతే, ఫిక్స్ రాలేదని స్క్రీను మీద పడతాది.”

“ఆ సాయంత్రం పడిందా?”

రాజబాబు నేల చూపులు చూశాడు. “పడింది. పైనుంచి తొందర పెడతన్నారమ్మా, ఏటి సెయ్యమంటారు?”

ఆకాశాన్ని తిట్టి ఏం లాభం? ఈ మనిషి చూశాడు. చూసి కూడా పాతాడు.

“పోన్లెండి, మీ బావి మీకొచ్చేసింది కదా,” అంటూ అతను జీపు వైపు నడిచాడు.

“నాదొచ్చింది. ఈ నెల్లో పొద్దుగూకేక ఇంకెవరెవరి రాళ్లు పాతేవు?”

అతను జేబులోంచి జీపు తాళం తీశాడు. చిన్నమ్మలు దాన్ని లాక్కుని రొంటిన దోపుకుంది.

“ముందు ఏ ఊరెళ్లాలో సెప్పు.”