ఊరికే నడిచిన వేసవి

ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు గాని, మా చిన్నతనంలో సముద్రం పక్కనున్న మా ఉద్దానం పల్లెల్లో ఆడది గడప దాటిందంటే చేతిలోనో నెత్తిమీదో ఏదో ఒకటి ఉండి తీరాలి. బిందె ఉంటే నీళ్ళకి, కొడవలి ఉంటే గడ్డికి, గంప ఉంటే తోటకి, చంకలో పిల్లాడుంటే పుట్టింటికి. చూసినవాళ్ళకి అడగకుండానే తెలిసిపోయేది. వట్టి చేతులు ఊపుకుంటూ తిరిగే ఆడమనిషి మా ఊళ్ళో ఒక్కతే ఉండేది, ఆవిడకి మతిస్థిమితం లేదు. (పాపం, ఆవిడైనా సాయంత్రానికి నాలుగు ఎండు కొబ్బరి మట్టలు ఈడ్చుకుంటూ వచ్చేది.) అలాంటి రోజుల్లో, ఇంకా పరికిణీ తొక్కుకుని పడే వయసులో ఉన్న నేనూ, కొత్తగా కాపురానికి వెళ్ళి మొదటి వేసవికి పుట్టింటికొచ్చిన మా అప్పా (మా వైపు అక్కని అలాగే పిలుస్తాం), కేవలం ఆరోగ్యం కోసం నడుద్దామని బయలుదేరాం. నడిచింది సముద్రం దాకానే. దాని అల్లరి మాత్రం టెక్కలి దాకా పోయింది.

అప్పకి ఈ నడక పిచ్చి అంటించింది మా బావ. ఆయన టెక్కలిలో ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. ఆ ప్లీడరుగారికి బొజ్జ పెరిగి ఆయాసం వస్తుంటే ఎవరో డాక్టరు చూసి, తెల్లవారుజామున చల్లగాలికి నడవమనీ, ముక్కుతో గాలి నిండుగా పీల్చి నోటితో వదలమనీ, ముద్ద నీళ్ళయ్యేదాకా నమలమనీ చెప్పాడట. ప్లీడరుగారు వాటిలో ఒక్కటీ చెయ్యలేదు. పక్కన కాగితాలు పట్టుకుని నిలబడ్డ మా బావ మాత్రం అంతా బుద్ధిగా విని, ఇంటికొచ్చి పెళ్ళానికి అప్పజెప్పాడు. ప్లీడరుగారి బొజ్జకి చెప్పిన వైద్యం ఇలా వచ్చి మా అప్పకి తగిలింది. అప్ప ఎలా ఉండేదంటే, గాలి గట్టిగా వీస్తే పమిటతో పాటు మనిషి కూడా లేచిపోతుందేమో అన్నట్టుండేది. నడిచి తగ్గించుకోవడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు. అయినా మొగుడు మొదటిసారి ఇచ్చిన సలహా కదా! అత్తగారి కళ్ళముందు ఇవన్నీ కుదరవు గనక, "మీ ఊర్ల సముద్దరం గాలుంతాది, అక్కడ సెయ్యి" అని చాటుగా చెప్పి పంపాడు. ఆ రోజుల్లో కొత్త మొగుడూ పెళ్ళాం ఇంతసేపు మాట్లాడుకున్నారని తెలిస్తే ఇద్దరికీ తలవంపులే.

"మీ బావ సెప్పినారని ఎవురికీ సెప్పకే గుంటా. మా అత్తకి తెలిస్తే ఇంకేటన్నా ఉందా!" అని అప్ప నా చేత ఒట్టు వేయించుకుంది. నేను నెత్తిమీద చెయ్యి పెట్టుకుని మరీ ఒట్టేశాను. ఒక రహస్యం నా చేతికి రావడం అదే మొదలు.

మొదటి రోజే మాకు ఆరాలత్త ఎదురైంది. ఆవిడ మాకు వరసకి అత్త. ఊళ్ళో అందరి ఆరాలూ తీస్తుందని ఆ పేరు. "ఎటెల్తన్నారే అప్పాసెల్లెల్లు, ఇంత పొద్దుగాల?" అంది.

"ఎటూ నేదత్తా. ఊరికే నడుత్తన్నాం" అంది అప్ప.

"ఊరికే ఏటే? తోటకా?"

"కాదత్తా."

"మీ సినమావ ఇంటికా?"

"కాదు. ఒంటికి మంచిదని."

ఆరాలత్త అప్పని పైనుంచి కిందిదాకా చూసింది. "ఒంట్లో బాగోకపోతే పడుకుంతారు గాని నడుత్తారేటే?" అంది. నిజం చెప్పాలంటే నాకూ ఆవిడ మాటే సబబుగా తోచింది.

కాని నాలుగు రోజులు పోయేసరికి ఆ నడక నాకు భలే నచ్చేసింది. అప్ప నాకు టెక్కలి ఆరోగ్యం నేర్పుతుంటే, ఏడాదిలోనే అప్ప మరిచిపోయిన ఉద్దానాన్ని నేను దానికి మళ్ళీ నేర్పాను. రాత్రి రాలిన జీడిపళ్ళు తెల్లారేసరికి ఇసకలో చల్లగా ఉండేవి. వాటిని ఏరి, పమిట కొంగుతో తుడిచి తినేవాళ్ళం. (అప్ప బావ మాట ప్రకారం నీళ్ళయ్యేదాకా నమిలేది. జీడిపండు ఎలాగూ నీళ్ళేనని చెప్పినా వినేది కాదు.) దారిలో తాటికాయలు దింపే మనిషి కనిపిస్తే ముంజెలు కొట్టించుకుని బొటనవేలితో తోడుకునేవాళ్ళం. మొగలి పొదల పక్కన తడి ఇసకలో కాళ్ళు కప్పుకుని, టెక్కలిలో వీధి కుళాయి... కాదు కాదు, కుళాయిలు తరవాత వచ్చాయి, వీధి బావి దగ్గర జరిగే తగువులన్నీ అప్ప అభినయించి చూపిస్తుంటే నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. ఇంటికొచ్చి ఉల్లిపాయ నంజుకుని చెరో లోటాడు చోడంబలి, అదే రాగి అంబలి, తాగేవాళ్ళం. నడక ఆరోగ్యానికి, ఆరోగ్యం ఆకలికి, ఆకలి అమ్మ ఉట్టికి. అప్ప బుగ్గలు నిండుతున్నాయి. అదంతా గాలి మహిమే అంది అప్ప.

అమ్మకి మాత్రం ఊళ్ళోవాళ్ళకి జవాబు చెప్పలేక ప్రాణం విసిగింది. "ఓలమ్మా, అందరూ అడుగుతన్నారే. కనీసం ఓ బిందైనా అట్టుకెల్లండే!" అని ఇత్తడి బిందె అప్ప చంకకెత్తింది. బిందె ఉంటే ఎవరూ అడగరని అమ్మ ఆలోచన. తీరా చూస్తే బావి ఊరికి పడమట ఉంది. మేం నడిచేది తూర్పుకి. ఆరాలత్త దారికి అడ్డంగా నిలబడి, "సముద్దరం నీల్లేటి సేసుకుంతారే? పప్పుడకెడతారా, ఉప్పు కలిసొత్తాదని?" అంది. మేం తల వంచుకుని గబగబా నడిచాం.

అసలు గొడవకి ఆ బిందే మూలం. ఒకరోజు ఒడ్డున పెట్టిన బిందెని అల వచ్చి లాక్కుపోబోతే ఎలాగో పట్టుకున్నాం. అందుకని మర్నాడు అప్ప దాన్ని కింద పెట్టకుండా రెండు చేతులా గుండెకి హత్తుకుని, చల్లగా ఉంటుందని మోకాలి లోతు నీళ్ళలో దిగి, కళ్ళు మూసుకుని గాలి పీల్చడం మొదలుపెట్టింది. జుట్టు ముడి వీడిపోయింది. కంట్లో ఇసక పడి నీళ్ళు కారుతున్నాయి. అప్పుడే తెప్పలకోసం గంప పట్టుకుని ఎదురుచూస్తున్న జాలరి ముసలమ్మ ఒకావిడ మమ్మల్ని చూసింది. బిందె పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏడుస్తూ సముద్రంలోకి దిగిన కొత్త కోడల్ని చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది?

"ఓలమ్మోయ్! ఒద్దే తల్లీ! ఒద్దే!" అని గంప విసిరేసి పరుగెత్తుకొచ్చి, వెనకనుంచి అప్ప జుట్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఊపిరి నిండా బిగపట్టిన అప్పకి నోట మాట రాలేదు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు, మీదనుంచి అల వెళ్ళింది, బిందె తేలుతూ పోయింది. దాన్ని పట్టడానికి ఇద్దరు జాలర్లు ఈదారు.

"ఏటి కట్టమొచ్చిందే నీకు? పెనిమిటి కొట్నాడా? అత్త కూడెట్టనేదా?" అని ముసలమ్మ అప్పని ఒళ్ళో వేసుకుని ఏడుస్తోంది.

అప్ప దగ్గుతూ, ఉప్పునీళ్ళు కక్కుతూ, "గాలి... గాలి..." అంది.

"అయ్యో, గాలి సోకిందే పిల్లకి!" అంది ముసలమ్మ చుట్టూ చేరినవాళ్ళతో. ఇక ఎవరూ మా మాట వినలేదు. పసుపు రాసి, వేపమండలు తిప్పి, ఊరేగింపుగా ఇంటికి తీసుకొచ్చి అమ్మకి ఒప్పజెప్పారు.

అమ్మకి నచ్చజెప్పాం గాని ఊరికి నచ్చజెప్పలేకపోయాం. జాలరి పేటలో అది దెయ్యం. మా వీధికి వచ్చేసరికి ఆరాలత్త దాన్ని అత్తగారి ఆరళ్ళు చేసింది. ఆ కథ చేపల గంపలతో పాటు పూండి చేరి, రైలెక్కి, నౌపడలో దిగి, టెక్కలి బజారుకి వెళ్ళింది. మర్నాడు కాక ఆ మర్నాడు నందిగాం మీదుగా ఎడ్లబండి ఒకటి వచ్చి మా వాకిట్లో ఆగింది. అందులోంచి అప్ప అత్తగారు, వెనక మా బావ దిగారు.

ఆవిడ అరుస్తుందని అందరం భయపడుతున్నాం. ఆవిడ అరవలేదు. మోకాళ్ళు పట్టుకుని అరుగుమీద కూలబడి భోరుమంది. "నానేటి సేసినానే కోడలా? ఓ మాటన్నానేటి? కూడెట్టనేదేటి? నీల్లకెల్లితే అందరూ నన్నే అడుగుతన్నారు, నీ కోడలు సముద్దరంలో ఎందుకడిపోనాదని! మా ఇల్లు నీకు సరిపడకపోతే సెప్పీ. ఇక్కడే ఉండిపో. నాను తీసుకెల్ను."

ఆ మాటతో నాన్న ముఖం పాలిపోయింది. అమ్మ పమిట నోట్లో కుక్కుకుంది. ఇప్పుడు అప్ప ఒక్కమాట చెబితే చాలు, మీ అబ్బాయే నడవమన్నాడని. అప్ప చెప్పలేదు. కాలి బొటనవేలితో నేలమీద గీస్తూ నిలబడింది, టపటపా కన్నీళ్ళు కారుతున్నాయి. ఇక మా బావ! ఆయన ఎద్దు మెడలో పట్టెడ సవరిస్తూ, ఆ ఎద్దు తప్ప లోకంలో తనకి ఎవరూ తెలియనట్టు నిలబడ్డాడు.

నాకు లోపల ఉడికిపోయింది. చెబుదామంటే ఒట్టు. ఒట్టు తప్పితే తల పగులుతుందని నాకు గట్టి నమ్మకం. కాసేపు ఆలోచించాను. చెప్పనని ఒట్టేశాను గాని అడగనని ఒట్టెయ్యలేదు కదా అనిపించింది. తిన్నగా బావ దగ్గరికి వెళ్ళి, అందరికీ వినబడేలా, "బావా, గాలి ముక్కుతో పీల్సి నోటితో ఒదలాలా, నోటితో పీల్సి ముక్కుతో ఒదలాలా?" అని అడిగాను.

ఆయన పాపం గుమాస్తా. ఎవరేది అడిగినా సరైన జవాబు చెప్పడం అలవాటు. "ముక్కుతో పీల్సి నోటితో..." అని ఆగిపోయాడు.

అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి. ఎద్దు ఒక్కటే తోక ఊపింది.

"ఏట్రా?" అంది వాళ్ళమ్మ.

బావ నీళ్ళు నములుతూ (అవి మాత్రం ఎంతసేపు నమిలాడో!) ప్లీడరుగారి బొజ్జ దగ్గర్నుంచి మొత్తం చెప్పేశాడు. మేం పిడుగు పడుతుందని చూస్తున్నాం. ఆవిడ కన్నీళ్ళు తుడుచుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది. "ఏడాదిబట్టి మోకాల్లు నొప్పులని మొత్తుకుంతన్నాను కదరా! ఇంత వైద్దికం తెలిసుండి పెల్లానికి సెప్పినావు గాని, కన్నతల్లికి సెప్పాలని నేదేట్రా నీకు?"

మర్నాడు తెల్లవారకముందే ఆవిడ మమ్మల్ని లేపింది. మధ్యలో ఆవిడ, అటూ ఇటూ మేము. ఆరాలత్త ఎదురై నోరు తెరిచేలోపే, "ఊరికే నడుత్తన్నాం, నువ్వూ వొత్తావేటి?" అంది. ఆరాలత్త అలా నోరు మూసుకుని నిలబడ్డం నేను మళ్ళీ చూడలేదు. అప్ప అత్తగారు అప్పటిదాకా సముద్రం చూడలేదట. గట్టెక్కి చూసి, "ఓలమ్మా, ఎంతుందే!" అని చిన్నపిల్లలా అప్ప చెయ్యి పట్టుకుంది. జాలరి ముసలమ్మ దూరంనుంచి అనుమానంగా వచ్చి, సంగతంతా విని, పగలబడి నవ్వి, మోకాళ్ళకి గాలేం చేస్తుంది, వేడి ఇసక కావాలంది. ఎండెక్కాక ఇద్దరూ కాళ్ళు ఇసకలో పాతుకుని కూర్చుని, కోడళ్ళ గురించి కాబోలు, ఎంతో హాయిగా కబుర్లు చెప్పుకున్నారు.

ఆ ఆనందంలో నాకు జరిగిన అన్యాయం ఎవరికీ పట్టలేదు. నాలుగు రోజులుండి ఆవిడ, "కోడలు తోడుంటే మా ఊర్లో కూడా నడుత్తాను" అని అప్పని తనతో తీసుకుపోయింది. పనసపళ్ళు ఇంకా పండనేలేదు. మామిడిపళ్ళు గడ్డిలోనే ఉన్నాయి. ఊరి పొలిమేర దాటాక అత్తాకోడళ్ళు బండి దిగి వెనకాల నడిచారు. బండిలో బావ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అప్ప నవ్వుతూ చెయ్యి ఊపింది. దానికి అత్తగారితో పొత్తు కుదిరిందని సంతోషించాల్సింది పోయి, నేను వాకిట్లో నిలబడి బావని తిట్టుకున్నాను.

ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు అంబలి కూడా దిగలేదు. "ఇక్కడ బరువుగా ఉందమ్మా" అని ఛాతీకీ పొట్టకీ మధ్య చెయ్యి పెట్టి చూపించాను. దాన్ని బెంగ అంటారని నాకు తెలియదు. బెంగ పెద్దవాళ్ళకి వచ్చే జబ్బు అనుకునేదాన్ని. అమ్మ నాలుక చూసి, కనురెప్ప లాగి చూసి, "జీడిపల్లు మేసినావు కదే, మరేటవుతాది!" అని, ముక్కు మూసి నిండా ఒక గిన్నెడు ఆముదం పట్టించింది. నేను ఎప్పుడూ చేసే పేచీ పెట్టకుండా, కళ్ళు మూసుకుని ఆఖరి బొట్టు దాకా తాగేశాను. అది తాగితే అప్ప మీద నుంచి మనసు మళ్ళుతుందేమోనని ఎంతో ఆశ. సాయంత్రానికి కడుపు శుభ్రంగా ఖాళీ అయింది. బరువు మాత్రం ఉన్నచోటే ఉంది. ఇంకో గిన్నెడు పొయ్యమని అమ్మ దగ్గరికి వెళ్ళి గిన్నె చాపిన ఆ పిల్ల ఇప్పటికీ కళ్ళముందు మెదులుతుంటుంది. నవ్వుతూనే దాన్ని దగ్గరికి లాక్కోవాలనిపిస్తుంది.