నేను లేనప్పుడు బర్నబీలో

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే నిద్ర చాలలేదేమో అని నవ్వేసేదాన్ని. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం గురించి కాదనే అనుకుంటున్నాను. మరేమిటంటే చెప్పలేను.

వాంకూవర్ పక్కనున్న బర్నబీలో మా అపార్ట్‌మెంట్ కింది ఫ్లోర్‌లో డాక్టర్ గారు, సరోజినీ ఆంటీ ఉండేవారు. ఆయన గుంటూరు నుంచి వచ్చి, ఇక్కడే ప్రాక్టీసు చేసి రిటైరయ్యారు. పిల్లలు లేరు. నా విడాకులయ్యాక ఆదివారం భోజనం వాళ్ళింట్లోనే.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, పూర్తిగా రిమోట్. ఆ ఖాళీ ఇంట్లో ఉండలేక పోర్చుగల్ డిజిటల్ నోమాడ్ వీసాకి అప్లై చేశాను. ల్యాప్‌టాప్ ఒక్కటుంటే ఎక్కడైనా బతికేయొచ్చనుకున్నాను. వీసా రాగానే మొక్కలకు నీళ్ళు పోయమని ఆంటీకి తాళంచెవి ఇచ్చి లిస్బన్ వెళ్ళిపోయాను.

ఫొటోల్లో కనిపించే ఆ జీవితం నాకు దొరకలేదు. వాంకూవర్ ఆఫీసు వేళలకి పనిచేయాలి. ఊరంతా కబుర్లాడుతూ భోంచేసే సమయానికి నేను మీటింగుల్లో ఉండేదాన్ని. కో-వర్కింగ్ ఆఫీసులో పరిచయమైనవాళ్ళు పేరు గుర్తుపెట్టుకునేలోపే ఇంకో దేశం వెళ్ళిపోయేవారు. చలికాలం వచ్చేసరికి గది దాటడం మానేశాను. పనవగానే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఏడుపు కూడా వచ్చేది కాదు.

వేసవి మొదట్లో తిరిగొచ్చి ఆంటీ వాళ్ళ తలుపు కొట్టాను. హాల్లో డాక్టర్ గారి ఫొటోకి దండ వేసి ఉంది.

"ఎప్పుడాంటీ? నాకు ఒక్క మెసేజ్ అయినా పెట్టలేదేం?"

ఆమె నావైపు వింతగా చూశారు. "అదేంటమ్మా, పక్కనే ఉన్నావుగా నువ్వు!"

శీతాకాలంలో ఆయన బాత్రూంలో జారిపడ్డారట. హాస్పిటల్లో చేర్చాక నేను రోజూ మధ్యాహ్నం వెళ్ళేదాన్నట. కమలాపండు వలిచి, తొనలకున్న పీచు తీసి తినిపించేదాన్నట. "నువ్వు ఆయన దగ్గరుండబట్టే నేను ఇంటికొచ్చి కాస్త అన్నం తిని వెళ్ళగలిగాను" అన్నారు ఆంటీ. ఆయన పోయిన రోజు కూడా చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేనేనట.

దుఃఖంలో మనసు చెదిరి అలా అంటున్నారనుకున్నాను. పాస్‌పోర్ట్ తెచ్చి ముద్రలు చూపించాను. ఆంటీ వాటిని చాలాసేపు చూశారు. "మరి ఆ వచ్చిందెవరమ్మా?" అని అడిగారు. చూపించకుండా ఉండాల్సిందని అప్పుడనిపించింది.

కొన్నాళ్ళకు వార్డులో వాళ్ళకి స్వీట్లు ఇచ్చి రావాలని ఆంటీ అంటే నేనే డ్రైవ్ చేశాను. నేనింకా నోరు విప్పలేదు, ఒక నర్సు లేచి వచ్చి "అనూ!" అంటూ నన్ను కౌగలించుకుంది. ఆమెను నేనెప్పుడూ చూడలేదు. ఈమె వచ్చిన పూటే ఆయన సరిగ్గా తినేవారు, ఈమె వస్తే గదంతా నవ్వులే అని ఇంగ్లిష్‌లో ఆంటీతో చెబుతోంది. ఆ చలికాలంలో నేను ఒక్కసారి కూడా నవ్విన గుర్తు లేదు.

తర్వాత రోజూ ఆంటీ దగ్గరకు వెళ్ళేదాన్ని. కూరలు తరిగిపెట్టి, వాకింగ్‌కి తీసుకెళ్ళేదాన్ని. ఆంటీ మాత్రం నా మొహంలో ఎవరినో వెతుకుతున్నట్టు చూసేవారు. ఒక రోజు మెల్లగా చెప్పారు.

"తప్పుగా అనుకోకు తల్లీ. ఆ పిల్లొస్తే నాకు ప్రాణం లేచొచ్చేది. నిన్ను చూస్తే దిగులేస్తోంది. కొన్నాళ్ళు రాకు."

పైకొచ్చేశాను.

ఆంటీ ఇప్పుడు టొరంటో దగ్గరి ఒషావాలో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. నేను ఇదే ఇంట్లో, అదే ఉద్యోగంలో ఉన్నాను. ఎంత ఆలోచించినా ఆ వచ్చిందెవరో నాకు అంతుపట్టలేదు. నేను కాదు, అంతవరకే తెలుసు.

అప్పుడప్పుడు ఆంటీ ఫోన్ చేస్తారు. ఎలా ఉన్నావని అడగరు.

"ఆ అమ్మాయి మళ్ళీ ఏమైనా కనబడిందా?" అంటారు.

"లేదాంటీ" అంటాను.

ఆవిడ ఫోన్ పెట్టేస్తారు.