వదిలిపెట్టలేదు, దాచిపెట్టింది

వాన వెలిశాక మా పెరటి కంచె పక్కనున్న ఫెర్న్ మొక్కల నుంచి ఒక పచ్చి వాసన వస్తుంది. తడి మట్టీ, నలిగిన ఆకూ కలిసిన వాసన. ఈ సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్తే, ఆ వాసనకు సుభద్ర ఆంటీ గుర్తొచ్చారు. పిల్లలిద్దరూ పడుకున్నారు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

ఇంగ్లండ్‌లో ఇప్పుడుంటున్న ఈ బేసింగ్‌స్టోక్‌కు రాకముందు, మావారి ప్రాజెక్టు కోసం ఒక ఏడాది స్కాట్లాండ్ ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో ఉన్నాం. మా అమ్మాయి హాసినికి అప్పుడు రెండేళ్లు దాటాయి. చెట్టన్నది లేని గోధుమరంగు కొండలు, వాటి మధ్య నల్లటి సరస్సులు, ఒక్క కారు మాత్రమే పట్టే రోడ్డు. వేసవిలో కూడా ఎప్పుడు చినుకు పడుతుందో తెలియదు. ఆ ఊరి క్లినిక్‌లో డాక్టరుగా పనిచేసే సుభద్ర ఆంటీది తెనాలి. లండన్‌లో హారోలోనో ఇల్ఫర్డ్‌లోనో మనవాళ్ల మధ్య ఉండక ఇక్కడికెందుకు వచ్చారని అడిగితే, "అక్కడ తలుపు తీస్తే పక్కింటి తలుపే కనబడుద్దమ్మాయ్" అన్నారు. హాసిని దగ్గినప్పుడల్లా ఆమెకు ఫోన్ చేసేదాన్ని. ఒకసారి నేను చెప్పిందంతా విని, "సరే, ఇంతకీ జ్వరం పిల్లకా, నీకా?" అన్నారు.

ఆ వేసవిలోనే నాకు పక్క టౌన్‌లో ఉద్యోగం వచ్చింది. చేరాలంటే హాసినిని నర్సరీలో వేయాలి. పుట్టినప్పటి నుంచి ఎవరి దగ్గరా కాసేపైనా వదలని పిల్ల. సోమవారం ఫోన్ చేసి వద్దని చెప్పేద్దామనుకున్నాను. ఆ మాట ఆంటీకి చెప్పాను. శనివారం మమ్మల్ని తన కారులో కొండల్లోకి తీసుకెళ్లారు.

కంటికి ఆనని దోమలు ముసురుకుంటుంటే చున్నీ మొహానికి చుట్టుకుని నడిచాను. ఆంటీ ముందు నడుస్తూ, పైన తిరుగుతున్న గద్దను హాసినికి చూపిస్తున్నారు. హాసిని ఉన్నట్టుండి ఒక ఫెర్న్ పొద దగ్గర ఆగి, "మమ్మీ, బేబీ స్లీపింగ్" అంది. కాళ్లు మడుచుకుని, చెవులు వెనక్కి వాల్చి, ఒక జింకపిల్ల పడుకుని ఉంది. గోధుమరంగు ఒంటి మీద తెల్లటి చుక్కలు. కళ్లు తెరిచే ఉన్నాయి గాని కదలడం లేదు. చుట్టుపక్కల తల్లి లేదు. చినుకులు మొదలయ్యాయి.

"అయ్యో, తల్లి వదిలేసి పోయింది ఆంటీ" అంటూ బ్యాగులోంచి హాసిని దుప్పటి తీశాను.

"ముట్టుకోమాక! వెనక్కి రా" అన్నారు ఆంటీ. అంత గట్టిగా మాట్లాడటం అంతకుముందు వినలేదు. మమ్మల్ని దూరంగా తీసుకెళ్లాక గొంతు తగ్గించారు. "ఈ వయసులో పిల్లకు పెద్దగా వాసనుండదు. తల్లి పక్కనే ఉంటే ఆ వాసనకి నక్కొచ్చుద్ది. అందుకే పిల్లనక్కడ పెట్టి, తను దూరంగా పోయి మేసుద్ది. పాలివ్వటానికే వచ్చుద్ది. వదిలిపెట్టలా అమ్మాయ్, దాచిపెట్టింది." హాసిని బిక్కమొహం చూసి నవ్వారు. "ఒళ్లంతా దిష్టిచుక్కలు కూడా పెట్టి పోయిందిగా, చూళ్లా? తెల్లవి, అంతే తేడా."

కారులో కూర్చుని, పులిహోర తింటూ, బైనాక్యులర్స్ మార్చుకుంటూ చాలాసేపు చూశాం. తల్లి రాలేదు. వాన పెద్దదై అద్దాలకు ఆవిరి పట్టింది. వైపర్ల వైపు చూస్తూ ఆంటీ చెప్పారు. "మావాడు పాలు తాగే పిల్లాడప్పుడు మా అమ్మ దగ్గర ఉంచి ఇక్కడికి పరీక్షలు రాయటానికొచ్చా. బిడ్డను వదిలేసి పోయిందన్నారు ఊళ్లో అంతా. మా అమ్మ ఒక్కతే, నా దగ్గర దాచిపెట్టుకుని పోయింది, మీకేం నొప్పి అనేదంట."

"మీకు భయం వేయలేదా ఆంటీ?"

"వేయక? రోజూ ఏడ్చేదాన్ని. భయం పోద్దని ఎవరన్నారు నీకు?"

మర్నాడు ఉండబట్టలేక ఫోన్ చేశాను. ఒక్కసారి వెళ్లి దూరం నుంచి చూసొద్దామా అన్నాను.

"వద్దు. మనం అక్కడ తచ్చాడితే తల్లి దగ్గరికి రాదు."

"మరి బతికిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"తెలవదు" అన్నారు ఆంటీ.

నాకు ఈరోజుకీ తెలియదు. సోమవారం నేను ఉద్యోగానికి సరేనన్నాను. మొదటిరోజు నర్సరీలో హాసిని నా కోటు పట్టుకుని వదల్లేదు. అక్కడ పనిచేసే అమ్మాయి హాసిని వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, మీరు కిటికీ అద్దం దగ్గర నిలబడితే ఇంకా ఏడుస్తుంది, వెళ్లండి అంది. నిలబడలేదు. కారులో కూర్చుని ఏడ్చి, మొహం తుడుచుకుని ఆఫీసుకు వెళ్లాను. సాయంత్రం వెళ్లేసరికి హాసిని ఇసుకలో ఆడుతోంది. నన్ను చూసి, "నాట్ హోమ్" అని మొహం తిప్పుకుంది. ఆ సంగతి చెబితే ఆంటీ ఫోన్‌లో చాలాసేపు నవ్వారు.

పోయిన చలికాలంలో ఆంటీ చనిపోయారు. వాళ్లబ్బాయే ఫోన్ చేసి చెప్పాడు. వచ్చే నెల మా చిన్నవాడు నర్సరీలో చేరుతున్నాడు. భయం అప్పటిలాగే ఉంది, ఆంటీ చెప్పినట్టే అది పోలేదు. వాడిని దింపి, వెనకాల తలుపు మూసుకున్నాక, కిటికీ వైపు పోకుండా కారు దాకా నడవాలి. నాకు అన్నిటికంటే కష్టమైన పని అదే. చేస్తాను.