టేకు గ్యాలరీ

నాకు కబడ్డీ అంటే ఒళ్ళుమంట. ఆటను చూసి కాదు, ఆట మీద మాట్లాడేవాళ్ళను చూసి. పాలమూరు పల్లె నుంచి పెళ్ళయి బొంబాయి కామాటిపురాలో, మిల్లు కూలీలు ఒక్కో గదిలో ఒక్కో సంసారంగా ఉండే చాల్‌కు వచ్చిన కొత్తలోనే నాకు ఒకటి అర్థమైంది. ఇక్కడ పని దొరక్కపోయినా, పొయ్యి వెలగకపోయినా, సాయంత్రమయ్యేసరికి నల్లా పక్క అరుగు మీద చేరి ఎవరి జట్టు గొప్పది, ఎవరి మైదానం గొప్పది అని కొట్లాడుకోకపోతే మగవాళ్ళకు ముద్ద దిగదు. మిల్లుల సమ్మె వచ్చి, ఒక్కో మిల్లు కూత ఆగిపోయాక ఆ కొట్లాటలు ఇంకా పెరిగాయి. చేతికి పని లేకపోతే నోటికి పని ఎక్కువ మరి. మా ఆయన ఆ అరుగు మీద కొన్నాళ్ళు కూర్చుని, ఇలాగైతే లాభం లేదని సూరత్‌లో మగ్గం పనికి వెళ్ళిపోయాడు.

వాళ్ళ వాదన వినీ వినీ నాకే కంఠతా వచ్చింది. వర్లి జట్టు రైడర్‌కు కాళ్ళు పొడుగు, దూరం నుంచే తాకిపోతాడు. ధారావి వాళ్ళు మధ్యలో కూత తెంపి, తెంపనట్టు మళ్ళీ అందుకుంటారు, ఒట్టి దొంగలు. మావాళ్ళకు రైడ్ అంతంతమాత్రమే కానీ పట్టు ఉడుంపట్టు. ఇక మైదానాలంటారా, నాగ్‌పాడాలో రోడ్డు పక్కనే గీతలు గీస్తారు, లారీ వస్తే ఆట ఆపాలి. వర్లిది మిల్లు గోడ వెనక ఖాళీ జాగా. విశాలం, సముద్రపు గాలి. కానీ ఆ మట్టిలో ఉప్పు ఉంటుంది, మోకాలు గీసుకుపోతే మండి చస్తారు. పైగా చూసేవాళ్ళంతా నేల మీదే నిలబడాలి కనక, వెనకవాడికి ముందువాడి మెడ తప్ప ఇంకేమీ కనబడదు.

మాది చాల్ మధ్య వాకిలి. ఇరుకే. గీత దాటితే కాలు మోరీలో పడుతుంది. కానీ మూడు వైపులా అంతస్తు మీద అంతస్తు చెక్క గ్యాలరీలు. రైలింగు పట్టుకుని కిందికి చూస్తే రైడర్ వీపు మీద చెమట కూడా కనబడుతుంది. కూత గోడలకు తగిలి పైదాకా వస్తుంది. బొంబాయి మొత్తంలో కబడ్డీని పైనుంచి చూసే భాగ్యం ఒక్క కామాటిపురా వాళ్ళకే ఉందని మావాళ్ళ వాదన. ఈ ఒక్క మాటకు వర్లి వాళ్ళ దగ్గర జవాబు ఉండేది కాదు.

ఆ భాగ్యం అందరికంటే ఎక్కువ మా అత్తది. ఆమె ఆ చాల్‌లోనే పుట్టింది, ఆ చాల్‌లోనే ఇంకో గదికి, మా ఖోలీకి, కోడలై వచ్చింది. తుంటి ఎముక విరిగి నడక పోయాక, మొదటి అంతస్తు మూల మీద, మా గుమ్మం ముందున్న గ్యాలరీలో పీట వేసుకుని పొద్దస్తమానం కూర్చునేది. రెండేళ్ళు నిండని నా బిడ్డ ఆమె ఒళ్ళో ఉండేది. నేను నాలుగిళ్ళ పనికి పోయి వచ్చేదాకా ఆ ముసలికి ఆ పిల్ల కాపలా, ఆ పిల్లకు ఆ ముసలి కాపలా. ఆట ఉన్న రోజు ఆమె నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. రైడర్ ఉత్తచేతులతో తిరిగొస్తే, అత్తగారింటికి పోయి చాయ్ తాగి వచ్చినట్టు వచ్చినవేందిరా అని పైనుంచి దులిపేసేది. పడుచు పిల్లలు ఆట కన్నా ఆమె తిట్లు వినడానికే మా గ్యాలరీకి వచ్చేవారు.

ఆ సంవత్సరం వానలు వెళ్ళాక ఆ మూల నాకెందుకో నచ్చడం మానేసింది. తలుపు వేస్తే చౌకట్టులో ఇరుక్కునేది. బియ్యం చెరగడానికి కూర్చుంటే పైనుంచి సన్నటి చెక్క పొట్టు చాటలో రాలేది. నిండు బిందె దింపితే నీళ్ళు ఒకవైపే ఒరిగి కనబడేవి. అత్తకు చెబితే, పాత ఇల్లన్నాక పొట్టు రాలదా, నీ నెత్తిలెంచి వెంట్రుకలు రాలడం లేదా అంది. కానీ పనికి పోయిన ఇళ్ళలో గిన్నెలు తోముతుంటే ఆ మూలే కళ్ళ ముందు తిరిగేది. పగటిపూట ఇంట్లో ఉండేది ఆ ఇద్దరే. ఇద్దరూ పొద్దుగూకులా అక్కడే.

ఇలా ఉండగా చాల్‌ల మధ్య పోటీ పెట్టుకున్నారు. అందులో మా జట్టూ వర్లి జట్టూ చివరికి మిగిలాయి. ఆఖరి ఆట ఎక్కడ ఆడాలన్నది పెద్ద పేచీ అయింది. మాట్లాడటానికి వర్లి నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మూడు తరాలుగా బొంబాయి తెలుగువాడు, ఇళ్ళ మరమ్మతుల కంట్రాక్టరు దగ్గర పని. మా వైపు మాట్లాడింది మా అన్న. అప్పటికి ఊరు నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు, మాతోనే ఉంటూ మేస్త్రీ పనికి వెళ్ళేవాడు. గొంతు పెద్దది కాబట్టి అరుగు మీద వాడే నాయకుడయ్యాడు. నేను నల్లా దగ్గర బిందె తర్వాత బిందె పెడుతూ అంతా విన్నాను.

ఉప్పు మట్టి, సముద్రపు గాలి, మోరీ, లారీలు, అన్నీ అయిపోయాయి. ఇద్దరూ తగ్గలేదు. అప్పుడు వర్లి పెద్దమనిషి తలెత్తి మా మూల గ్యాలరీని చూశాడు.

"మైదానం మంచిదే, కాదన. కని గా మూల గ్యాలరీకి టేకు వెట్టిండ్రు గద. అదొక్కటి సోచాయించుండ్రి," అన్నాడు.

మా అన్న తొడ కొట్టినంత పని చేశాడు. "అవ్ కాకా, టేకే. మా తాతలు నెత్తిన మోసి కట్టిన టేకు. మీ వర్లిల ఏమున్నది, ఉత్త గాలి. ఇంకో నూరేండ్లు గూడ కదలదది."

అరుగంతా ఈలలు. వర్లి పెద్దమనిషి మా అన్నను అదోలా చూశాడు. "టేకున్నదని తెల్సి గూడ ఆడిపిస్తమంటే ఇగ నేనేం జెప్త బిడ్డా. మీ ఇష్టం," అని చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. పోతూ పోతూ మళ్ళీ ఒకసారి పైకి చూశాడు. అక్కడ మా అత్త, ఆమె ఒళ్ళో నా బిడ్డ. ఆ చూపు నాకు నచ్చలేదు. ఓడిపోయినవాడి చూపులా లేదు.

ఆ ఒక్క మాటతో మా గ్యాలరీకి పేరొచ్చింది. వర్లి వాళ్ళే ఒప్పుకున్నారట, మన గ్యాలరీ టేకట అని చాల్ చాల్‌కూ పాకింది. అంత గట్టి గ్యాలరీ కనక ఆ వైపు ఆడవాళ్ళకూ పిల్లలకూ వదిలేయాలని మా అన్న పెద్దరికంగా తీర్మానం చేశాడు. పక్క సందుల నుంచి కూడా ఆడవాళ్ళను రమ్మన్నాడు. ఆదివారం మధ్యాహ్నం నుంచే వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. సాయంత్రానికి అత్త పీట చుట్టూ కాలు పెట్టే సందు లేదు. ఆట మొదలయ్యాక, గుంపు ఎగిరినప్పుడల్లా నా అరికాళ్ళ కింద చెక్క మెల్లగా కిందికి పోయి పైకి వస్తోంది. పండగ పూట అపశకునం మాట్లాడకూడదని ఊరుకున్నాను.

ఎవరో ముసలావిడ నిలబడలేకపోతోందని, బల్ల అడుగుదామని కింది గోదాంకి వెళ్ళాను. మా మూల కింద గుడ్డపీలికల గోదాం ఉండేది. దాని యజమాని గ్యాలరీ కిందున్న జాగా కూడా రేకులతో కప్పేసి లోపల కలుపుకున్నాడు. ఆ రేకుల వెనక్కు మేమెవరం ఎప్పుడూ వెళ్ళింది లేదు. ఆ రోజు కాపలా ముసలాయన ఒక్కడే ఉన్నాడు. బల్ల మూటల వెనక ఉంది, తీసుకో అన్నాడు.

మూటల వెనక కట్టెలు నిలబెట్టి ఉన్నాయి. లావుపాటి సర్వీ కట్టెలు, నేల నుంచి పైన మా గ్యాలరీ దూలాల దాకా, వరసగా. మధ్య కట్టె నిలువునా చీలి ఉంటే గుడ్డపీలికలతో చుట్టి కట్టారు. పైన జనం ఎగిరారు. ఆ కట్టె నా కళ్ళ ముందే వంగి, కిర్రుమని మళ్ళీ నిలబడింది. ఇవేమిటని హిందీలో అడిగాను.

"టేకూ," అన్నాడాయన బీడీ తీయకుండానే. మరాఠీలో అలాగే అంటారట. పడిపోయే ఇంటికి పెట్టే ఊతకర్ర టేకు.

వర్లి పెద్దమనిషి చెప్పింది ఇదా! ఈ కట్టెలు పెట్టింది ఆయన కంట్రాక్టరు మనుషులే అయి ఉంటారు. మన భాషలోనే మాట్లాడుతూ మధ్యలో వాళ్ళ మాట వేశాడు. మావాడు దాన్ని చెట్టును చేశాడు. అరుగు మీద మరాఠీ వచ్చినవాళ్ళు లేకపోలేదు. కానీ వాదనలో ఉన్నవాడికి తనకు కావలసిన అర్థమే చెవికెక్కుతుంది. వర్లి ఆయనేమో మాకు అంతా తెలిసే తెగించామనుకున్నాడు. కాపలా ముసలాయన్ని రెక్క పట్టుకుని బయటికి లాగేశాను. వాకిట్లోకి వచ్చి గ్యాలరీ పడిపోతోంది, దిగండి అని అరిచాను. వెయ్యి గొంతుల మధ్య నా గొంతెంత? విన్న ఒకరిద్దరు కూడా టేకు పడిపోవడమేంటి అని నవ్వి మళ్ళీ ఆటవైపు తిరిగారు.

అప్పుడు తోచింది. మెట్లెక్కి పైకి పోయి, గొంతు చించుకుని ఒకటే కేక పెట్టాను. "నల్లొచ్చింది! నల్లొచ్చింది!"

చాల్ ఆడదాన్ని యముడు పిలిచినా కాస్త ఆగమంటుంది కానీ నల్లా పిలిస్తే ఆగదు. అప్పటికి రెండు రోజులుగా నీళ్ళు సరిగ్గా లేవు. ఉన్నవాళ్ళు ఉన్నట్టు లేచి, పిల్లల్ని చంకనేసుకుని బిందెల కోసం పరుగు తీశారు. పక్క సందుల వాళ్ళదీ అదే లైను, మాకొస్తే వాళ్ళకూ వచ్చినట్టే. క్షణంలో గ్యాలరీ ఖాళీ. మా అత్త మాత్రం పీట మీద, పిల్లతో.

"ఈ యాళకు నల్లా రాదే. ఏం వేషాలేస్తున్నవ్?" అంది నా వైపు చూడకుండా.

పిల్లను లాక్కుని ఖోలీ లోపల పరుపు మీద పడేశాను. వెనక్కి వచ్చి ఆమె చంకల కింద చేతులు వేశాను. రైలింగు వదలదు. ఒక్క రైడ్ మిగిలింది, ఒక్క రైడ్ అంటుంది. ముసలిదానా, వదులు అని జన్మలో మొదటిసారి ఆమెను తిట్టి, వేళ్ళు ఊడదీసి గడప లోపలికి ఈడ్చుకొచ్చాను. ఇద్దరం లోపల పడ్డాం. ఆ తర్వాత బయట పెద్ద చప్పుడేమీ రాలేదు. ఏదో బరువు దింపుకున్నట్టు మెల్లగా మా గుమ్మం ముందున్న గ్యాలరీ మొత్తం కిందికి జారిపోయింది. రేకులు నలిగిన చప్పుడు తరువాత వచ్చింది. పీట కనబడలేదు. గడప అవతల గాలి ఉంది, అంతే.

ఎవరూ చావలేదు. మమ్మల్ని నిచ్చెన వేసి దింపారు. మా అన్న కిందపడ్డ దూలాన్ని పట్టుకుని కూర్చుండిపోయాడు. గోడలోకి దిగిన కొస వానకు కుళ్ళి, బొటనవేలితో నొక్కితే పిండైపోయింది. మిగతా చెక్క మాత్రం ఇనుములా ఉంది.

"టేకే చెల్లె ఇది. నిజంగ టేకే," అన్నాడు. వాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు.

మర్నాడే పాత ఇళ్ళ మరమ్మతులు చూసే సర్కారు ఆఫీసు వాళ్ళు వచ్చి ఆ వైపు ఖోలీలన్నీ ఖాళీ చేయించారు. మరమ్మతు అయ్యాక పిలుస్తామని ఊరి చివర క్యాంపులో పెట్టారు. అక్కడికి పోయినవాళ్ళను మళ్ళీ పిలిచిన కథ మేమెవరం వినలేదు. సిమెంటు గది, నేల మీదే. ముందు బురద. కూతా లేదు, తిట్టేందుకు మనిషీ లేడు. అత్త మాట్లాడటం తగ్గించింది. ఒక మధ్యాహ్నం పిల్లను ఒళ్ళో వేసుకుని గోడను చూస్తూ ఉంటే, అన్నం గిన్నె పట్టుకుని వెళ్ళాను.

"గా కట్టెలు నా కండ్ల ముంగటనే మోస్కొచ్చిండ్రు," అంది ఉన్నట్టుండి. "మొగులు వట్టి వానలు రాక ముందు. పైనుంచి చూసిన."

మా అన్న టేకు అని ఎగిరినప్పుడు విన్నావా అని అడిగాను. విన్నదట. నవ్వొచ్చిందట. మరి ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఎక్కడికి తెస్తారో ఇప్పుడు చూస్తున్నావు కదా అంది.

"మరి నా బిడ్డను? తెల్సి తెల్సి నా బిడ్డను అండ్ల కూసోవెట్టుకున్నవా?"

"ఖోలీల ఉడకకు పోరి ఏడ్వబట్టె. గ్యాలరీ తప్ప మనకేడున్నదే జాగ?" అంది. "అందుకే ఎన్నడు ఒళ్ళెకెంచి దింపలే. పడ్తె నేను కింద వడ్త, పోరి నా మీద వడ్తది అనుకున్న."

గిన్నె అక్కడే పెట్టి బయటికి వచ్చాను. ఆమెను కొట్టాలనిపించింది, ఆమె కాళ్ళు పట్టుకోవాలనీ అనిపించింది. ఏదీ చేతకాక ఆ బురదలో నిలబడి ఏడ్చాను.